కేకు మీద ఎయిర్‌బ్రష్: రంగు కంటే ముందు గాలి

ప్రశ్న: ఇంట్లోనే కేకులు చేస్తుంటాను. ఈమధ్య గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలినిచ్చే చిన్న కంప్రెసర్ కొన్నాను. కాగితం మీద చక్కగా పడుతున్న రంగు ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద పొర) మీదికి వచ్చేసరికి చుక్కలు చుక్కలుగా పడుతోంది. కొన్నిచోట్ల సాలీడు కాళ్లలా పక్కలకు పాకుతోంది. మర్నాటికి కూడా చేతికి అంటుకుంటోంది. లోపం పరికరంలో ఉందా, నా చేతిలో ఉందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే పరికరాన్ని అనుమానించాల్సిన అవసరం కనిపించడం లేదు. కాగితం తడిని పీల్చుకుంటుంది కనుక చేతి తప్పులను దాచిపెడుతుంది. ఫాండెంట్ అంత త్వరగా పీల్చుకోదు కనుక వాటిని బయటపెడుతుంది. అందువల్ల సాధన బటర్ పేపరు మీద చేయండి. రంగు ఏమాత్రం ఎక్కువైనా దాని మీద వెంటనే గుంపుకట్టి కనిపిస్తుంది.

మీది డ్యూయల్ యాక్షన్ రకమైతే, ట్రిగ్గర్‌ను కిందికి నొక్కినప్పుడు గాలి, వెనక్కి లాగినప్పుడు రంగు వస్తాయి. కొత్తవారు ఈ రెండూ ఒకేసారి చేసి, ఆపేటప్పుడు వేలు ఒక్కసారిగా వదిలేస్తారు. అప్పుడు గాలి ఆగిపోయినా బ్రష్ లోపలి సూది కొనన కొద్దిపాటి రంగు నిలిచిపోతుంది, మళ్లీ నొక్కగానే అదే చుక్కగా కేకు మీద పడుతుంది. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, చివరకు గాలి అనే క్రమం వేలికి అలవడాలి. ప్రతి గీతనూ కేకు అంచుకు అవతలే మొదలుపెట్టి, రెండో అంచు దాటాక ముగించండి. చేతిని మధ్యలో ఆపకూడదు.

సాలీడు కాళ్లకు కారణం వేరు. బ్రష్‌ను మరీ దగ్గరగా పట్టుకుని రంగును ఎక్కువగా వదిలితే, ఇంకా తడిగా ఉన్న రంగును గాలే పక్కలకు తోస్తుంది. విశాలమైన భాగానికి 15 సెంటీమీటర్ల దూరం, 15 నుంచి 20 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) పీడనం సాధారణంగా సరిపోతాయి. సన్నని గీతల కోసం దగ్గరికి వెళ్లినప్పుడు పీడనాన్నీ, రంగునూ రెండింటినీ తగ్గించుకోవాలి. ఒక్క పూతతోనే నిండు రంగు రావాలన్న తొందర ఈ పనికి పనికిరాదు.

జిగట సంగతికి వస్తే, నీటి ఆధారిత రంగులోని తడి ఫాండెంట్‌లోని చక్కెరను కరిగిస్తుంది. పలుచని పూత వేసి, అది ఆరాక మరో పూత వేయండి. ఆల్కహాల్ ఆధారిత రంగులైతే త్వరగా ఆరతాయి. ముదురు ఎరుపు, నలుపు కావాలనుకుంటే తెల్లని ఫాండెంట్ మీద పూత మీద పూత వేసే బదులు, ముందే గులాబీ లేదా గోధుమ రంగు కలిపిన ఫాండెంట్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకు చెమ్మ పడుతుంది కాబట్టి, అది పూర్తిగా ఆరేదాకా బ్రష్ చేతబట్టకండి.

ప్రశ్న: ఇంట్లో ఉన్న జెల్ కలర్‌నే నీళ్లు కలిపి వాడుకోవచ్చా? చాక్లెట్ మీద కూడా అదే పనిచేస్తుందా?

జవాబు: రెండూ వద్దు. జెల్ చిక్కగా ఉంటుంది; నీళ్లు పోసినా సరిగా కలవని ముద్దలు రంగు బయటికి వచ్చే 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌కు అడ్డం పడతాయి, పైగా అదనపు నీరు చక్కెరను ఇంకా కరిగిస్తుంది. ఎయిర్‌బ్రష్ కోసమే తయారైన ద్రవ రంగు కొనుక్కోవడం మేలు. చాక్లెట్ కొవ్వు పదార్థం కాబట్టి దాని మీద నీటి రంగు నిలవదు, కోకో బటర్ ఆధారిత రంగును గోరువెచ్చగా కరిగించి వాడాలి. తినదగిన రంగే కదా అని మాస్క్ లేకుండా పని చేయకండి. తినడానికి పనికొచ్చేదంతా పీల్చడానికి పనికిరాదు.

ఏ రంగు వాడినా, రంగు మార్చేటప్పుడు బ్రష్‌కు ఉండే రంగు గిన్నెలో శుభ్రమైన నీరు పోసి, అది తేటగా వచ్చేదాకా బయటికి చిమ్మండి. కోకో బటర్ రంగైతే మాత్రం గోరువెచ్చని నీరు, సబ్బు కావాలి. పని పూర్తయ్యాక సూదిని వెనక్కి లాగి తీసి, మెత్తని గుడ్డతో మొదలు నుంచి కొన వైపుకే తుడవండి. కొన కాస్త వంగినా రంగు ఒక పక్కకే చిమ్ముతుంది. అప్పుడు చేతిని సరిచేసుకుని లాభం లేదు, సూదినే మార్చాలి.