సీపానెల్ ఉంటే చాలా?

పరాయి దేశం వచ్చిన కొత్తలో చాలామంది ఒక వెబ్‌సైట్ పెడతారు. ఉద్యోగ ప్రయత్నాల కోసం కొందరు, సంఘం పని నెత్తిన పడి కొందరు. అందరూ అడిగేది ఒకటే: “సీపానెల్ ఉన్న హోస్టింగ్ తీసుకుంటే సరిపోతుంది కదండీ?”

హోస్టింగ్ అంటే మీ సైటుని ఉంచడానికి సర్వర్లో చోటు అద్దెకు తీసుకోవడం; సీపానెల్ అంటే ఆ చోటుని బ్రౌజర్‌లోంచే నడుపుకునే ప్యానెల్. సైటు అక్కడే ఉన్నంతకాలం సరిపోతుంది. చిక్కంతా అక్కణ్ణుంచి కదలాలనుకున్నప్పుడే.

బ్యాకప్ సంగతే చూడండి. ‘ఫుల్ బ్యాకప్’ నొక్కితే ఫైలు తయారవుతుంది, దించుకోవచ్చు. దాన్ని మళ్ళీ ఎక్కించడం మాత్రం మీ చేతిలో లేదు. సర్వర్ మీద రూట్ అధికారం, అంటే పూర్తి పెత్తనం ఉన్నవాళ్ళే చెయ్యాలి, అంటే సపోర్టు వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. పైగా ఆ ఫైలు మీ ఖాతాలోనే కూర్చుంటే మీ స్పేసునే తింటుంది. అందుకని హోమ్ డైరెక్టరీ (మీ ఫైళ్ళన్నీ ఉండే ఫోల్డరు), డేటాబేసులు విడివిడిగా కూడా దించుకోండి. అవి మీరే ఎక్కించుకోవచ్చు, ఇంకో ప్యానెల్‌కి మారినా పనికొస్తాయి.

మెయిల్‌తో ఇంకో తంటా. మెయిల్‌ని గూగుల్‌కి మార్చి, ఎంఎక్స్ రికార్డులు (మీ డొమైన్, అంటే సైటు పేరు మీద వచ్చే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేవి) సరిచేశాక బయటివాళ్ళు పంపినవన్నీ చక్కగా వస్తుంటాయి. సైట్లోని కాంటాక్ట్ ఫారం నుంచి మాత్రం ఒక్కటీ రాదు. సైటేమో ‘పంపాం, ధన్యవాదాలు’ అంటుంది! సీపానెల్‌లో ‘ఈమెయిల్ రూటింగ్’ ఇంకా ‘లోకల్’ మీదే ఉండి ఉంటుంది. ఈ డొమైన్ మెయిల్ నా దగ్గరే కదా అనుకుని సర్వర్ దాన్ని పాత మెయిల్‌బాక్సులోనే పడేస్తుంది. ‘రిమోట్’ అని మారిస్తే తీరిపోతుంది.

2019లో సీపానెల్ లైసెన్సు ధర సర్వర్ మీదున్న ఖాతాల సంఖ్యను బట్టి మారాక చాలామంది ఉచిత ప్యానెళ్ళ వైపు చూశారు. తప్పులేదు, కాకపోతే కాపలా మీదే. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్ అనే ఉచిత ప్యానెల్‌లో పాస్‌వర్డు లేకుండానే చొరబడే లోపం బయటపడి, వేల సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. ప్యానెల్ లాగిన్ పోర్టును (లోపలికి వచ్చే ద్వారాన్ని) ప్రపంచమంతటికీ తెరిచి ఉంచకండి, ఫైర్‌వాల్‌లో మీ ఐపీకి (మీ ఇంటర్నెట్ చిరునామాకి) మాత్రమే అనుమతివ్వండి.

స్వదేశంలో ఉండగా కొన్న హోస్టింగ్ అయితే, పాత సిమ్ ఆగిపోకముందే ఖాతాలో ఫోన్ నంబరు మార్చండి. ఓటీపీ రాకపోతే ప్యానెల్ దాకా కూడా వెళ్ళలేరు. డొమైన్‌ని హోస్టింగ్ కంపెనీ దగ్గర కాక వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర పెట్టుకుంటే, హోస్టింగ్ వాళ్ళతో పేచీ వచ్చినా పేరు మీ దగ్గరే ఉంటుంది. సంఘం సైటైతే ఆ ఖాతా సంఘం మెయిల్ మీదే తెరవండి. కార్యదర్శిగారి సొంత మెయిల్‌తో తెరిస్తే, పదవి దిగాక పాస్‌వర్డు కోసం ఆయన చుట్టూ తిరగాలి.