ఆఫీసు ఫాంటసీ బాస్కెట్‌బాల్: తొలి డ్రాఫ్ట్‌కు ముందు

అక్టోబరు దగ్గరపడగానే అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు అడిగే సందేహం ఇది: "ఆఫీసులో ఫాంటసీ లీగ్‌లో చేరమంటున్నారు, ఎన్‌బీఏలో నలుగురి పేర్లకు మించి తెలియవు, ఎవరిని తీసుకోవాలి?" ఫాంటసీ లీగ్ అంటే నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మ్యాచ్‌లలో వారు సాధించే గణాంకాలతో పోటీపడడం; ఆ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. పేర్లు తెలియకపోవడం పెద్ద లోటు కాదు; లీగ్ నియమాలు చదవకుండా డ్రాఫ్ట్‌లో కూర్చోవడమే లోటు.

ఒక్క మ్యాచ్ కోసం జట్టు కట్టడానికి అలవాటు పడినవారు ముందుగా గమనించవలసింది, ఇక్కడ ఒకరు తీసుకున్న ఆటగాడు ఆ లీగ్‌లో మరొకరికి దక్కడని. సాధారణంగా వంతులు పాములా మెలిక తిరుగుతాయి: ఒక రౌండ్‌లో చివర ఉన్నవారే తరువాతి రౌండ్ మొదలుపెడతారు. పన్నెండు మంది ఉంటే మొదటి వంతు వారికి తరువాత దక్కేవి 24, 25వ ఎంపికలు. చివరి వంతు వారికి 12, 13 వెంటవెంటనే వస్తాయి. తొలి ఏడాది చివరి వంతు వచ్చిందని నేను నొచ్చుకున్నాను గాని, ఒకరి లోటును మరొకరు పూడ్చేలా ఇద్దరిని ఒకేసారి ఎంచుకునే వీలు తక్కువేమీ కాదు.

లెక్కించే పద్ధతి మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. అన్ని గణాంకాలనూ కలిపి ఒకే మొత్తంగా చూసే పాయింట్ల లీగ్‌లో యానిస్ అంటెటొకుంపో తొలి వరుసలోనే పోతాడు. ఒక్కో గణాంకానికి విడిగా గెలుపోటములు తేల్చే తొమ్మిది విభాగాల లీగ్‌లో మాత్రం అతని ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగాక అడ్డులేకుండా వేసే షాట్లు) గుదిబండ, వాటి శాతం కూడా ఒక విభాగమే గనుక: 2024-25లో మ్యాచ్‌కు పదికి పైగా వేసి, సుమారు 62 శాతమే బుట్టలో వేశాడు. వారంలో మీ మిగతా జట్టు వంద వేసి ఎనభై సాధించిందనుకుందాం. అతను నాలుగు మ్యాచ్‌లలో నలభై వేసి పాతిక సాధిస్తే, మొత్తం శాతం 80 నుంచి 75కు పడిపోతుంది. అదే శాతం ఉన్నా మ్యాచ్‌కు ఒక్క ఫ్రీ త్రో వేసేవాడితో ఇంత నష్టం ఉండదు. కాబట్టి యానిస్‌ను తీసుకుంటే ఫ్రీ త్రో శాతం విభాగాన్ని తెలిసే వదిలేసి, తరువాతి ఎంపికల్లో రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), బ్లాకులు (ఎదుటివారి షాట్‌ను అడ్డుకోవడం) ఇచ్చే సెంటర్లను, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరులను, ధైర్యంగా పోగుచేయండి. సగం వదిలి సగం పట్టుకుంటే రెంటికీ చెడతారు. నికొలా యోకిచ్ దొరికితే ఈ తర్జనభర్జనే అక్కరలేదు. సెంటర్ స్థానంలో ఆడుతూ 2024-25లో సగటున పదికి పైగా అసిస్టులు (బుట్టకు దారితీసే పాస్‌లు) ఇచ్చినవాడు అతను.

సగటులు చూసి మురిసిపోకుండా, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో కూడా చూడండి. ఒక్కో జట్టుకు 82 మ్యాచ్‌లుండగా, బ్లాకులలో సాటిలేని విక్టర్ వెంబన్యామా 2024-25లో భుజంలో రక్తం గడ్డకట్టడం వల్ల 46తోనే ఆగిపోయాడు. పైగా ఫాంటసీ ప్లేఆఫ్‌లు చాలా లీగ్‌లలో మార్చి ప్రాంతంలో వస్తాయి. అప్పటికి ఆశ వదులుకున్న ఎన్‌బీఏ జట్లు తమ ముఖ్యులకు విశ్రాంతినిస్తాయి, మీ లీగ్ కిరీటం వాటికి పట్టదు.

చివరి రెండు మూడు ఎంపికలను పేరున్న పాతవారి మీద వెచ్చించకుండా, ఈ ఏడాది ఆడే నిమిషాలు పెరిగేలా ఉన్న కుర్రవాళ్లకు కేటాయించండి. కుదరకపోతే వదిలేయడం తేలిక.

డ్రాఫ్ట్ వేళ ఏ టైమ్ జోన్‌లో చెప్పారో కనుక్కొని, ఎంపికల వరుసను ముందే నింపి పెట్టుకోండి. ఒకసారి మీటింగ్ సాగిపోవడంతో మూడు రౌండ్లు నా బదులు సైటే ఎంచుకుంది. వారిలో ఒకడు శస్త్రచికిత్స జరిగి సీజనంతా ఆడలేనివాడు.