పదకొండో పేజీ తర్వాత

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఏ పత్రికకు పంపాలని అడుగుతూ బరంపురం నుంచి నువ్వు పంపిన నవలిక నాలుగు రోజుల కిందట అందింది. మీ నాన్నగారూ నేనూ ఒకే బడిలో తొమ్మిదేళ్లు పనిచేశాం కనుక నిన్ను ‘నువ్వు’ అనే రాస్తున్నాను. మొదటిసారి చదివినప్పుడు పన్నెండో పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. అక్కడ నువ్వు రాసిన వాక్యం ఇది: ‘ఆరు నెలలు తిరిగేసరికి ఆమె తెలుగు ధారాళంగా మాట్లాడసాగింది.’

అంతకు ముందు పేజీలో ఏం రాశావో నీకు గుర్తుందా? కెనడా నుంచి వచ్చి నెల కూడా కాని ఆ మిషనరీ యువతి, బంగ్లా ఊడ్చే మనిషి బిడ్డ జ్వరంతో పోయాడని తెలిసి వాళ్ల ఇంటికి వెళ్తుంది. గుమ్మం ముందు నిలబడి, తెలుగు నేర్పే మున్షీ చెప్పిన మొదటి పాఠంలో తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క వాక్యాన్ని ఆ తల్లితో అంటుంది: ‘మీరు బాగున్నారా?’ ఆ పేజీ చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంత మంచి పేజీ రాసిన చెయ్యే, పేజీ తిప్పగానే ఆరు నెలలను ఒక్క వాక్యంతో దాటేసిందంటే నాకు కోపం వచ్చింది.

ఓడ ప్రయాణానికి, ఎండకు, పాములకు, తేళ్లకు, దోమతెరకు తొమ్మిది పేజీలు ఇచ్చావు. అవి ఎవరైనా రాస్తారు. పరాయి దేశం వచ్చిన మనిషికి ఎండ అసలు కష్టం కాదమ్మా. తన ఊళ్లో పదిమందికి పాఠం చెప్పిన ఇరవై ఆరేళ్ల మనిషికి, ఇక్కడ మూడేళ్ల గుంటకు ఉన్నన్ని మాటలు కూడా లేకపోవడం అసలు కష్టం. అప్పట్లో చాలా మిషన్లలో కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండేళ్లు భాష చదవడమే పని, ఆ తర్వాత పరీక్ష. 1805లో లండన్ మిషన్ తరఫున విశాఖపట్నం వచ్చిన క్రాన్, డిగ్రాంజిస్ అనే ఇద్దరూ ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లోనూ, డిగ్రాంజిస్ 1810లోనూ కన్నుమూశారు. ఆ సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయింది 1812లో. నీ కథానాయికకు నువ్వు ఆరు నెలలు ఇచ్చావు.

నీ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఈ ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో పెరిగిన మనకు ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో కొండవాళ్ల సవర చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటాయి కనుక, భాష నేర్చుకోవడం ఒక పని అని మనకు తోచదు. అందుకని ముందు ఆమె నోటిని చూడు. ఇంగ్లీషు నోటికి త, ట రెండూ ఒకటే; అందులో మన త కోసం నాలుక కొసను పళ్లకు ఆనించాలని ఆమెకు ఎవరో ఒకరు వందసార్లు చేసి చూపించాలి. కోత విస్తారంగా ఉందన్న సువార్త వాక్యాన్ని ఆమె ‘కోట విస్తారంగా ఉంది’ అని చదివితే, ఈ ఊళ్లో వినేవాళ్లు రాజావారి కోట గురించి చెబుతోందనుకుంటారు. ఆపైన ప్రార్థన. పెద్దవాళ్లను ‘మీరు’ అనాలని మున్షీ నేర్పుతాడు, ఆదివారం ఆరాధనకు వెళ్తే అందరూ దేవుణ్ణి ‘నీవు’ అంటుంటారు. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపోయే చోట మనకు ‘మేము’ ఉంది, ‘మనము’ ఉంది. ‘మనము పాపులము’ అని దేవుడితో అంటే ఆయన్ను కూడా పాపుల్లో కలిపినట్టవుతుంది. ‘మేము పాపులము’ అని సంఘంతో అంటే ఎదురుగా కూర్చున్నవాళ్లను వేరుచేసినట్టవుతుంది. దేవుడి కోసం ఇల్లు వదిలి వచ్చిన మనిషి, ఆ దేవుడితో మాట్లాడటానికి నోరు తెరిచి, ఏ మాట వాడాలో తెలియక ఆగిపోయిన ఆ క్షణం నీ నవలికలో లేదు.

ఇంకొక మాట. నీ కథ 1906లో పర్లాకిమిడిలో జరుగుతుంది. ఆ ఏడాది గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే రాజావారి కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఆయన సవర నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931కి గాని వెలువడలేదు. 1907లో ఈ జిల్లాల బడులు చూడటానికి వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి, పుస్తకంలోని తెలుగు వీధిలో ఎందుకు వినిపించడం లేదని అడిగిన ప్రశ్నతోనే, మాట్లాడే తెలుగులోనే రాయాలన్న పంతులుగారి వ్యావహారిక భాషా వాదం మొదలైంది. తెలుగు నేర్చుకోబోయిన ఒక పరాయివాడి ఇబ్బంది మన రాతనే మార్చింది. నీ నాయిక కూడా మున్షీ దగ్గర ‘వచ్చుచున్నాను’ నేర్చుకుని వీధిలోకి వెళ్తే, కూరలమ్మే మనిషి ‘ఏటమ్మా?’ అంటుంది. ఆ రెండు తెలుగుల మధ్య ఆమె ఎన్నాళ్లు నలిగిందో రాయి.

మున్షీకి నువ్వు పేరైనా పెట్టలేదు. రోజూ పొద్దున్నే మిషన్ బంగ్లా వరండాలో కూర్చుని, ఆమె చెప్పేది వింటూ తప్పు వచ్చిన ప్రతిసారీ వేలెత్తి ఆపే ఆ మనిషి, ఇంటికి వెళ్లి మడి కట్టుకునే ముందు నూతి దగ్గర స్నానం చేసేవాడా? ఇంట్లో ఏమనేవారు? ఆ జీతంతో ఎవరి పెళ్లి చేశాడు?

నా సంగతి చెబుతాను. 1971లో, ఇరవై మూడేళ్ల వయసులో, గుణుపురం పైన కొండల్లోని ఒక బడికి నన్ను వేశారు. మొదటి రోజు ఒక ముసలామె ఇంటి ముందు ఆగి నీళ్లు అడిగాను. సవరలో నీళ్ల మాట ‘డా’తో మొదలై మధ్యలో గొంతు బిగిసి ఆగి మళ్లీ విడుస్తుంది. నాకు ‘డా’ మాత్రమే వినిపించింది, అదే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుని ఆ మాట మళ్లీ పలికింది. నా వేళ్ల కింద ఆ గొంతు ఆగడం, మళ్లీ కదలడం తెలిసింది. తర్వాత చెంబుతో నీళ్లిచ్చింది. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తుంది.

దాన్ని కథగా రాసి, అప్పట్లో పేరున్న ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు సవర మాట తీసేసి ‘నీళ్లు’ అని వేశారు, మా ‘ఏటి’ని ‘ఏమిటి’గా దిద్దారు, గొంతు మీద చెయ్యి వేసిన పేరా మొత్తం కొట్టేశారు. పాఠకులకు అర్థం కాదని ఉత్తరం రాశారు. ఆ కథ నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆ తర్వాత మిషనరీల మీద కథ రాస్తే ఒక పత్రికవాళ్లు ఆమెను దేవతను చెయ్యమన్నారు, మరొకళ్లు కుట్రదారును చెయ్యమన్నారు. భాష రాక ఏడ్చిన ఆడపిల్ల ఎవరికీ అక్కర్లేకపోయింది. నువ్వు ఏ పత్రికకు పంపాలని అడిగావు గనుక ఇదంతా రాస్తున్నాను.

తొమ్మిది పేజీల పాములను, తేళ్లను తీసేయి. పన్నెండో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఒక్కొక్క మాట ఆమెకు ఎవరి దగ్గర, ఏ రోజు, ఏం జరుగుతుండగా వచ్చిందో రాయి. మున్షీకి పేరు పెట్టు. అన్నిటికన్నా ముందు, ‘మీరు బాగున్నారా?’ అని అడిగినప్పుడు గుమ్మంలో ఉన్న ఆ తల్లి ఏమని జవాబిచ్చిందో నువ్వు రాయలేదు. పేజీ అక్కడే ఆపేశావు. ఆమె ఏమందో రాసి పంపు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ నాన్నగారి పాత సహోద్యోగి