తక్కువ తిరిగే కారుకే మడ్డి ఎక్కువ

ప్రశ్న: మాది తిరుపతి. 1.2 లీటర్ల పెట్రోలు కారు, ఎనిమిదేళ్ల పాతది. పిల్లల్ని బడిలో దింపడం, బజారుకు పోయి రావడం తప్ప వేరే తిరుగుడు లేదు. నెలకు 300 కి.మీ. దాటదు. 10,000 కి.మీ.కి ఆయిల్ మార్చాలన్నారు కదా అని రెండేళ్లు దాటినా మార్చలేదు. మొన్న ఆయిల్ పోసే మూత తీస్తే మీగడలా తెల్లటి జిడ్డు, లోపల నల్లటి మడ్డి కనిపించాయి. ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ ద్రవం పోస్తే మడ్డి పోతుందా?

జవాబు: మీ వాడకానికి ఆరు నెలలకోసారి మార్చాలి, మీటరు ఎంత చూపించినా సరే. కారుతో ఇచ్చే పుస్తకంలో 10,000 కి.మీ. పక్కనే ‘లేదా 12 నెలలు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. కఠినమైన వాడకానికి అంతకన్నా తక్కువ గడువు విడిగా ఇస్తారు. అది కొండెక్కే టాక్సీలకేనని చాలామంది అనుకుంటారు. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగులు దాటి, కాలని పెట్రోలుతో కలిసి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ బాగా కాగితే ఇవి ఆవిరై, పీసీవీ వాల్వ్ ద్వారా మళ్లీ ఇంజన్‌లోకి పోయి కాలిపోతాయి. కానీ టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ కాగినట్టు కాదు. ముల్లు చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్‌కు ఇంకో పది నిమిషాలైనా పరుగు కావాలి, మీ ప్రయాణం ఆలోపే అయిపోతోంది. నీరు, పెట్రోలు లోపలే ఉండిపోయి ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలను తినేస్తాయి. ఆ తర్వాత కట్టేదే మడ్డి. ఇంటి ముందు ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తే ఉపయోగం లేదు, చల్లటి ఇంజన్‌లోకి పెట్రోలు ఇంకా ఎక్కువ దిగుతుంది. వారానికోసారి ఆగకుండా చంద్రగిరి దాకా వెళ్లి రండి, అది పనిచేస్తుంది.

ముందు కూలెంట్ ట్యాంకు చూడండి. మట్టం తగ్గుతూ ఉన్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలరంగులో ఉన్నా, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. అలాంటప్పుడు బండి నడపకుండా షెడ్డుకు లాగించండి. మట్టం నిలకడగా ఉండి, డిప్‌స్టిక్ మీద పాలరంగు లేకపోతే మూత కింది తెల్లదనం తేమ వల్ల వచ్చిందే.

ఫ్లష్ మాత్రం వద్దు. రెండేళ్ల మడ్డి ఒక్కసారిగా పెళ్లలుగా ఊడితే, చాంబర్ అడుగున ఆయిల్ పంపు పీల్చుకునే స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ పైకి ఎక్కక క్యామ్‌షాఫ్ట్, బేరింగులు అరిగిపోతాయి. ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ విప్పించి చూడండి. పలచటి గోధుమరంగు పూత మాత్రమే ఉంటే కొత్త ఆయిలే మెల్లగా కడిగేస్తుంది. గరిటెతో తీసేంత మందంగా ఉంటే చాంబర్ దించి, స్ట్రైనర్ కడిగించాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు సీలెంట్ పలచగా పూయమనండి. ఎక్కువైతే లోపలికి పిండుకుని ఊడిపడి, అదే జాలీని మూసేస్తుంది. పీసీవీ వాల్వ్ ఊపితే టకటకలాడాలి, లేకపోతే మార్చండి. ఖరీదు తక్కువ, అయినా షెడ్లలో దాన్ని పట్టించుకునేవారు అరుదు.

ఆయిల్‌ను ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే దించాలి, మురికి దానితోపాటే వస్తుంది. ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ వాషర్ రెండూ కొత్తవి వేయించండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే మరో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ఈ సైజు ఇంజన్లకు సాధారణంగా మూడు లీటర్లు, కొంచెం అటూఇటూ పడుతుంది. కొలత పుస్తకంలో చూసి, పావు లీటరు తక్కువ పోయండి. ఒక నిమిషం ఇంజన్ నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి, చదునైన చోట డిప్‌స్టిక్ చూసి మిగతాది కలపండి. పై గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. మన ఎండలకు చిక్కటి 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ పోయమని సలహా ఇస్తారు. పుస్తకంలో పలచటి 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయండి. చిక్కటి ఆయిల్ ఉదయం స్టార్ట్ చేయగానే పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది.

ఈ మొదటి ఆయిల్‌ను మూడు నెలలకే దించేయండి, కరిగిన మడ్డి అందులో ఉంటుంది. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఈలోగా వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమన్నా వెంటనే ఇంజన్ ఆపండి. అలిపిరి దాటి ఘాట్ మధ్యలో ఉన్నా సరే, పైకి చేరాక చూద్దామనుకోవద్దు.

ప్రశ్న: చిత్తూరులో బీఎస్-6 డీజిల్ కారు నడుపుతున్నాం. కొత్త ఆయిల్ వారానికే నల్లబడింది. పైగా డిప్‌స్టిక్‌లో మట్టం పెరుగుతోంది. ఎందుకు?

జవాబు: డీజిల్‌కు నలుపు సహజం, మసిని పట్టి ఉంచడం ఆయిల్ చేయాల్సిన పనే. పట్టించుకోవాల్సింది మట్టం పెరగడాన్ని. పొగ పోయే గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఆ మసిని కాల్చుకునేటప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని పూర్తికాకముందే బండి ఆపడం అలవాటైతే ఆ డీజిల్ చాంబర్‌లో చేరుతుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే తిరుపతి రోడ్డు మీద నిలకడైన వేగంతో ఇరవై నిమిషాలు నడపండి. మట్టం పై గీత దాటితే గడువు కోసం ఆగకుండా ఆయిల్ మార్చండి. పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయాలి, వేరేది పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుని ఇక కాలదు.