పోలియో చుక్కలు వేసిన పిల్లల నుంచి ఆ వైరస్ పక్క పిల్లలకు పాకుతుందా?

పాకుతుంది. మా ఇంట్లో దీని మీద పెద్ద రభసే అయింది కాబట్టి ధీమాగా చెప్తున్నాను.

2016 జూన్. హైదరాబాద్ మురుగునీటి శాంపిల్‌లో టైప్ 2 పోలియో వైరస్ (పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటి) దొరికిందని టీవీల్లో ఒకటే గోల. అది టీకా నుంచి పుట్టిన వైరస్ అన్న ముక్క మాత్రం ఎప్పుడో ఒకసారి అంటారు, మిగతా సేపంతా మనకు టెన్షన్. అప్పుడే ఆశా వర్కర్ అమ్మాయి వచ్చి, మా ఏడాదిన్నర పాపకు క్యాంపులో పోలియో సూది వేయించమంది.

మా అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "చుక్కలు వేయించాం, వేలికి గుర్తు కూడా పెట్టారు. మళ్ళీ సూదేంటి? అసలు మీ చుక్కల వల్లే కదా డ్రైనేజీలోకి వైరస్ వచ్చింది?"

ఆవిడ అన్నదాంట్లో నిజముందనిపించి నేను నోరెత్తలేదు. ఆ అమ్మాయి బ్యాగు కింద పెట్టి, మంచినీళ్ళడిగి తాగి, అప్పుడు మొదలుపెట్టింది.

"నిజమే పెద్దమ్మా. చుక్కల్లోది బతికున్న వైరసే, బలం తగ్గించింది. పేగుల్ల పెరిగి కొన్ని వారాలు దొడ్డికిల పోతది. చేతులు సక్కగ కడగకుంటే పక్కింటి పోరని నోట్లకు పోతది. వానికీ చుక్కలేసినట్టే."

"మంచిదేగా మరి?"

"మంచిదే. కానీ టీకాల్లేని పిల్లలు ఎక్కువున్న చోట నెలలకు నెలలు తిరిగితే మారిపోయి, మళ్ళ కాళ్ళు పడగొట్టేదైతది."

సహజంగా వచ్చే టైప్ 2 వైరస్ 1999 తర్వాత ఎక్కడా కనబడలేదు. ఇక మిగిలింది చుక్కల్లోదే, దాన్నీ మన దేశం 2016 ఏప్రిల్ 25న తీసేసింది. ఆ మే నెలలో తీసిన శాంపిల్‌లోనే ఇది బయటపడింది! చుక్కల్లో ఇక టైప్ 2 లేదు, సూదిలో ఉంది. అందుకే సూది. అందులోది చచ్చిన వైరస్, ఎవరికీ పాకదు. డోసులో ఐదో వంతు, చర్మంలోకి ఇచ్చారు. 3 లక్షల పైచిలుకు పిల్లలకు వేశారు. ఒక్కరికీ పోలియో రాలేదు.

నన్నడిగితే అసలు సమస్య మా వెనక అపార్ట్‌మెంట్ వాళ్ళే. "అది బస్తీల జబ్బు, మనకెందుకు" అని సగం మంది వెళ్ళలేదు. వాళ్ళ పిల్లల డైపర్లు మాత్రం మా పక్క ఖాళీ ప్లాటులో పడేస్తారు. కుక్కలు లాక్కొచ్చి మా గేటు ముందు వేస్తాయి. మునిసిపాలిటీకి చెప్పీ చెప్పీ నోరు పోయింది.

ఆ రోజు పాప గుక్కపట్టి ఏడ్చింది. అత్తయ్య దారి పొడుగునా ఆశా అమ్మాయిని తిట్టుకుంటూ ఇంటికొచ్చారు. సాయంత్రం పక్క పోర్షన్ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మళ్ళీ అదే క్యాంపుకి వెళ్ళారు.