సీసం లెక్కల పేజీలో ‘లోడ్’ అంటే బరువు కాదండీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ గనుల నుంచి కరిగించే మిల్లులకు వెళ్లిన సీసం ఖనిజం లెక్కల పేజీ ఒకటి మీ దగ్గర ఉంది. అందులో లోడ్లు, డిష్షులు అని ఉన్నాయి. వాటిని టన్నుల్లోకి మార్చి, మిల్లులో తయారైన సీసంతో సరిచూడొచ్చా అని అడిగారు.

టన్నుల్లోకి ఉజ్జాయింపుగా మార్చొచ్చు. సరిచూడటం మాత్రం కుదరదు. ఒక చలికాలమంతా నేను ఆ పని మీదే కూర్చుని చేతులు కాల్చుకున్నాను, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నాను.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు. కడప జిల్లాలో ముగ్గురాయి (బెరైటీస్) లారీల కాటా దగ్గర ఆరేళ్లు చీటీలు రాశాను. ఇప్పుడు డెర్బీషైర్‌లోని చెస్టర్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ కొందరు రిటైరైనవాళ్లు వారానికో సాయంత్రం కూర్చుని పాత కాగితాలు చదివి ఎత్తిరాస్తుంటారు. పొద్దుపోక నేనూ చేరాను. నాకిచ్చింది సీసం ఖనిజం లెక్క. కాటా దగ్గర పనిచేసినవాడికి ఇదేం లెక్క అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డాను.

మొదట తెలుసుకోవలసింది డిష్ గురించి. అది తూకం కాదు, కొలపాత్ర. డెర్బీషైర్‌లోనే వర్క్స్‌వర్త్ ఊళ్లో మూట్ హాల్ అనే చిన్న భవనం ఉంది, అందులో ఒక పొడవాటి ఇత్తడి తొట్టి ఉంటుంది. 8వ హెన్రీ రాజ్యానికొచ్చిన నాలుగో ఏట, అంటే 1512లో, అక్టోబర్ 4న చేయించినట్టు దాని మీదే చెక్కి ఉంది. గొలుసుతో వేలాడదీసి ఉంచాలని, వ్యాపారులైనా గని పనివాళ్లయినా ఎప్పుడొచ్చినా తమ కొలత సరిచూసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. గనుల దగ్గర వాడేవి చెక్క డిష్షులు, వాటిని తెచ్చి ఈ ఇత్తడి దానితో సరిచూసేవారు. అందులో సుమారు 14 పైంట్లు, అంటే దాదాపు ఎనిమిది లీటర్లు పడుతుంది. శుభ్రం చేసిన ఖనిజంతో నింపితే ముప్పై కిలోలకు అటూ ఇటూ. తొమ్మిది డిష్షులు ఒక లోడ్. నాలుగు లోడ్లు దాదాపు ఒక టన్ను అనుకోవచ్చు. ఇదంతా వర్క్స్‌వర్త్ వైపు సంగతి. ఉత్తరాన హై పీక్‌లో డిష్ ఇంకాస్త పెద్దది. కాబట్టి మీ పేజీ ఏ వైపుదో తేలకుండా ఏ గుణకారమూ మొదలుపెట్టకండి.

తూకం లేకుండా కొలతేమిటి, అంతా మోసమే కదా అని మొదట్లో నాకూ అనిపించింది. తర్వాత మా కాటా గుర్తొచ్చింది. వానాకాలంలో గని దగ్గర తూచిన లారీ మిల్లుకు చేరేసరికి మూడు నాలుగు వందల కిలోలు తక్కువొచ్చేది. దారిలో నీళ్లు కారిపోయేవి, అంతే. కానీ చీటీలు రెండూ పక్కపక్కన పెడితే దొంగతనంలాగే కనిపిస్తుంది. ఒకసారి ఒక డ్రైవర్ కిరాయిలో కోత పెట్టారు. నేను ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. డెర్బీషైర్‌లో ఖనిజాన్ని నీళ్లలో కడిగి రాయి వేరుచేసేవారు, కాబట్టి కొలిచేనాటికి అది తడిగానే ఉండొచ్చు. తడిసినా పొడిగా ఉన్నా డిష్ డిష్షే. ఆ గొడవ అసలు పుట్టదు. ఇది నా ఊహ మాత్రమే, ఎక్కడా చదివింది కాదు. అయినా కాటా దగ్గర ఒక్క వానాకాలం గడిపినవాడెవడూ దీన్ని కొట్టిపారేయడు.

ఇంకో సంగతి కూడా నాకు దగ్గరగా తగిలింది. డెర్బీషైర్‌లో సీసం ఖనిజంతో పాటు తెల్లగా, బరువుగా ఉండే రాయి ఒకటి వస్తుంది, గనివాళ్లు దాన్ని కాక్ అనేవారు. మొదటిసారి ఒక పాత గుట్ట మీద చేతిలోకి తీసుకోగానే నవ్వొచ్చింది. మన ముగ్గురాయే! ఆ రోజుల్లో దానికి గిరాకీ లేదు, పనికిరాని రాయి కింద పారేసేవారు. గెలీనా, అంటే ఆ సీసం ఖనిజం, నీటికి ఏడున్నర రెట్లు బరువు, ముగ్గురాయి నాలుగున్నర రెట్లు. కాబట్టి ఖనిజం సరిగ్గా ఏరకుండా డిష్ నింపితే కొలత నిండుతుంది కానీ సీసం తగ్గుతుంది. అందుకే లోడ్‌కి ఒకటే ధర అని ఉండదు. గట్టి ముక్కల ఖనిజానికి ఒక ధర, సన్నటి పొడికి ఇంకోటి. ఆ పొడిని స్మిథమ్ అనేవారు. మీ పేజీలో ఒకే రోజు, ఒకే గని, రెండు ధరలు కనిపిస్తే కంగారు పడకండి.

ఇక ఎవరు రాసేవారన్నది. అక్కడ బార్‌మాస్టర్ అని ఒక అధికారి. ఆయనో, ఆయన మనిషో వచ్చి కొలవందే గని దగ్గర్నుంచి ఖనిజం కదలకూడదు. ఎందుకంటే ప్రతి పదమూడో డిష్ రాజుది. దాన్ని లాట్ అంటారు. కొన్నవాడు లోడ్‌కి ఆరు పెన్నీలు కట్టాలి, అది కోప్. హై పీక్‌లో అయితే నాలుగు పెన్నీలు. రాజు ఈ హక్కును తనే వసూలు చేసుకోకుండా కౌలుకిచ్చేవాడు, కాబట్టి కౌలుదారుకూ లెక్క కావాలి. చర్చికి దశమభాగం వేరే. వర్క్స్‌వర్త్‌లో అది నలభయ్యో డిష్‌కి దిగింది కానీ హై పీక్‌లో పదో డిష్ కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. పండేవాటి మీద దశమభాగం సరే, రాయి పండుతుందా అని గనివాళ్ల వాదన. భూమిలో ఖనిజం కూడా పెరుగుతుందని చర్చి తరఫువాళ్ల వాదన!

మచ్చుకి ఒక కొలత చూద్దాం. 26 డిష్షులు కొలిచారనుకోండి. రెండు రాజుకి పోతాయి. మిగిలిన 24 అంటే రెండు లోడ్ల ఆరు డిష్షులు. కొన్నవాడి కోప్ 16 పెన్నీలు, అంటే ఒక షిల్లింగ్ నాలుగు పెన్నీలు. ఇప్పుడు చెప్పండి, పుస్తకంలో ఎంత రాస్తారు? బార్‌మాస్టర్‌కి 26 కావాలి. కొన్నవాడి పుస్తకంలో 24 ఉంటుంది. కౌలుదారు లెక్కలో ఆ రెండే ఉంటాయి. ఒకే ఖనిజం, ఒకే పొద్దు, మూడు అంకెలు. ఏదీ తప్పు కాదు.

మా అబ్బ కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనడు, లాభం అని మొదలుపెట్టేవాడు. లాభం, రెండు, మూడు... ఇంటికి బండి కట్టేలోపే కమ్మరి, చాకలి, మంగలి మేరలు పక్కకు పోయేవి. ఇంట్లో గాదె చూసి పంట ఎంత పండిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఈ సీసం పుస్తకాలు కూడా అలాంటివే. ఎంత తవ్వారో చెప్పడానికి రాసినవి కావు, ఎవరి వాటా ఎంతో గొడవ లేకుండా తేల్చడానికి రాసినవి. మీరు అడిగిన రవాణా రిజిస్టర్ లాంటిది విడిగా నాకెక్కడా కనిపించలేదు. కొన్నవాడి ఖర్చుల్లో మోతకూలీ అని ఒక వరస కనిపిస్తే అదే మీకు రవాణా లెక్క.

మోసేది గుర్రాల మీద. ఆ గుర్రాలు తోలేవాళ్లను జాగర్లు అనేవారు. గుర్రానికి వంద కిలోలకు కాస్త పైన కడతారు కాబట్టి ఒక లోడ్‌కి రెండు గుర్రాలకు పైనే పడుతుంది. లోడ్ అన్నారు కదా అని ఒక గుర్రం మోసే బరువు అనుకోకండి, ఆ పొరపాటు నేనూ చేశాను.

ఇంత బరువు అంత దూరం ఎందుకు మోసేవారన్నది కూడా చూడాలి. అంతకుముందు కొండ కొసన, పడమటి గాలికి ఎదురుగా కట్టెలు పేర్చి కరిగించేవారు. 16వ శతాబ్దం చివర్లో నీటి చక్రంతో తిత్తులు ఊదే మిల్లులు వచ్చాయి. గాలి కోసం కాచుకోవక్కర్లేదు కానీ వాగు కావాలి, అడవి కావాలి. పొయ్యిలోకి బొగ్గు కాదు, ఎండబెట్టిన కట్టె. దాన్నే తెల్ల బొగ్గు అనేవారు. షెఫీల్డ్ పక్కన ఎక్లెసాల్ వుడ్స్‌లో ఆ కట్టె ఆరబెట్టిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. గుండ్రంగా, ఒక పక్క చిన్న నోరుతో ఉంటాయి, ఇంగ్లిష్ క్యూ అక్షరంలా కనిపిస్తాయని క్యూ గుంటలు అంటారు. నవంబర్‌లో వెళితే ఆకులు నిండిపోయి ఉన్నాయి. దిగబోతే నడుం లోతు జారాను, మావాళ్లు చెయ్యిచ్చి లాగారు. ఆ మిల్లులు చాలావరకు గనులకు తూర్పున ఉన్నాయి. కరిగిన సీసం ఎలాగూ అటే, చెస్టర్‌ఫీల్డ్ మీదుగా బాట్రీ రేవుకి, అక్కడ పడవెక్కి హల్ ఓడరేవుకి పోవాలి. అంటే ఖనిజం మిల్లుకి వెళ్లడమంటే సగం దారి సంతకి వెళ్లినట్టే.

మిల్లులో లెక్క మారిపోతుంది. ఇక్కడ తూకం. సీసం దిమ్మల్ని ఫోదర్లలో రాసేవారు. డెర్బీ ఫోదర్ ఇరవై రెండున్నర హండ్రెడ్‌వెయిట్లు (ఒక్కోటి దాదాపు 51 కిలోలు), లండన్ ఫోదర్ పందొమ్మిదిన్నర. పేరు ఒకటే! ఏ ఫోదరో రాయరు, రాసినవాడికి తెలుసు కదా. పైగా మిల్లులోకి నాలుగైదు గనుల ఖనిజం కలిసి వెళుతుంది. చిట్టెం పారేయరు, ఇంకో పొయ్యిలో బొగ్గేసి మళ్లీ కరిగిస్తారు. పాత కొండల మీద మిగిలిన చిట్టెం కూడా ఏరి తెచ్చి కరిగించేవారు. కాబట్టి బయటికొచ్చిన సీసంలో కొంత ఈ ఏడాది తవ్వింది కానే కాదు. స్వచ్ఛమైన గెలీనాలో సీసం 86.6 శాతం. ఆ అంకె పట్టుకుని లోడ్లను గుణించి, మిల్లు లెక్కతో పోల్చి, ఇంత సీసం ఎవరో కాజేశారని నేను ఒక కాగితం నిండా రాసుకున్నాను. మా గుంపులో ఒక రిటైర్డ్ టీచర్ ఉన్నారు. ఆవిడ అది చదివి, మీ డ్రైవర్‌కి జరిగిందే ఇప్పుడు మీరు వీళ్లకి చేస్తున్నారు అన్నారు. కాటా కథ ఆవిడకి నేనే చెప్పి ఉన్నాను మరి.

మీ పేజీ చదివేటప్పుడు కొన్ని చూసుకోండి. రాత గొలుసుకట్టు, మన కరణాల రాతలాగే. రోమన్ అంకెల్లో చివరి ఐ అక్షరాన్ని జె లాగా కిందికి లాగుతారు, అది వేరే అంకె కాదు. అంకె నెత్తిన చిన్నగా రెండు ఎక్స్‌లు ఉంటే అన్ని ఇరవైలు అని. నేను చూసిన పేజీల్లో డిష్‌కీ డి అక్షరమే, పెన్నీకీ డి అక్షరమే. రెండు వారాలు నేను డిష్షుల్ని పెన్నీల్లో కలిపి కూడాను. ఏ డి ఏ వరసలో ఉందో చూస్తే తేలిపోతుంది. లోడ్ల అంకె పక్కన తొమ్మిది, అంతకు పైన ఉంటే డిష్ కాదు, ఎందుకంటే తొమ్మిదో డిష్‌తో లోడ్ నిండిపోతుంది. పన్నెండు, ఆపైన ఉంటే పెన్నీ కూడా అయ్యే అవకాశం తక్కువ, షిల్లింగ్‌లోకి మారిపోయి ఉండాలి. తేదీలు కూడా జాగ్రత్త. అప్పుడు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పేజీలో 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1641.

ముందుగా మీ పేజీ ఎవరి పుస్తకంలోదో తేల్చండి. పేర్ల పక్కన లాట్ వరస విడిగా ఉంటే బార్‌మాస్టర్‌దో కౌలుదారుదో అయ్యుండొచ్చు. లోడ్ ధర, మోతకూలీ ఉంటే కొన్నవాడిది. నలభయ్యో వంతు కనిపిస్తే చర్చి మనిషిది. ఫొటోలో పై అంచు కత్తిరించినట్టుంటే పూర్తి పేజీ అడిగి తెప్పించుకోండి, ఊరి పేరు సాధారణంగా అక్కడే ఉంటుంది. మూలం మాట్లాక్‌లోని డెర్బీషైర్ రికార్డ్ ఆఫీసులో ఉంటే కాగితం నంబర్ చెప్పండి. నాకు కుదిరితే వెళ్లి ముందు పేజీ, వెనక పేజీ కూడా చూసొస్తాను.