గాట్లు మానాయి, వ్యాయామంలో నొప్పి మానలేదు

ప్రశ్న: నా వయసు 42. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. బరువు తగ్గడానికి మూడు నెలల క్రితం లాప్రోస్కోపీ పద్ధతిలో (చిన్న గాట్లతో) స్లీవ్ సర్జరీ, అంటే జీర్ణాశయంలో కొంత భాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకున్నాను. నడకలో ఇబ్బంది లేదు గానీ, జిమ్‌లో బరువులెత్తినా, సిటప్స్ చేసినా బొడ్డుకు కుడిపక్కనున్న పెద్ద గాటు దగ్గర పట్టి లాగుతోంది. వ్యాయామం మానేయాలా? నొప్పి మాత్ర వేసుకొని కొనసాగించవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అయితే మాత్రతో నొప్పిని అణచి బరువులెత్తడం మాత్రం వద్దు. ఈ సర్జరీలో కోసిన జీర్ణాశయ భాగాన్ని ఒక గాటు గుండా బయటికి తీస్తారు కాబట్టి, దాన్ని మిగతావాటికంటే కొంచెం వెడల్పు చేసి, చర్మం కింద కండరాన్ని కప్పి ఉండే గట్టి పొరకు కూడా తరచుగా కుట్లు వేస్తారు. మీ నొప్పి ఆ గాటు దగ్గరే కావచ్చు. పైకి మానినట్టు కనిపించే చర్మమే మూడు నెలలకు పూర్వబలంలో సుమారు 80 శాతం మాత్రమే పుంజుకుంటుంది; లోపలి పొరకూ నెలలు పడుతుంది.

కొన్ని వారాలు సిటప్స్, ప్లాంక్, పెద్ద బరువులు పక్కనపెట్టి, లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో నడక కొనసాగించండి. తేలిక బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఎత్తండి. పడక మీదనుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవండి. మర్నాటి ఉదయానికి తగ్గిపోయే లాగుడుతో భయం లేదు. తగ్గకపోతే ముందురోజు చేసింది ఎక్కువైందన్నమాట. ఆపరేషన్ సంగతి జిమ్ ట్రైనర్‌కు చెప్పకుండా దాచేవారు చాలామంది ఉంటారు, మీరు చెప్పండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి జీర్ణాశయంలో పుండ్లకు దారితీయవచ్చు కనుక సొంతంగా వాడవద్దు. అవసరమైతే పారాసిటమాల్‌ను సర్జన్ చెప్పిన మోతాదులో వాడవచ్చు.

నిలబడి దగ్గినప్పుడు ఆ చోట ఉబ్బు కనిపిస్తే హెర్నియా (బలహీనపడిన పొర గుండా లోపలి భాగం బయటికి పొడుచుకురావడం) అయి ఉండవచ్చు. పరీక్ష చేయించుకునేవరకు బరువులు ఎత్తకండి. వేలితో చూపగలిగినంత చిన్నచోట సూదులు గుచ్చినట్టుండి, వెల్లకిలా పడుకొని తల ఎత్తితే ఎక్కువవుతుంటే నరం ఇరుక్కుని ఉండవచ్చు. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. తిన్న తరువాత కుడి పక్కటెముకల కింద వచ్చే నొప్పి గాటుది కాకపోవచ్చు, బరువు త్వరగా తగ్గేవారిలో పిత్తాశయ రాళ్లు ఏర్పడటం మామూలే. జ్వరం, గాటు ఎర్రబడటం, చీము, ఆగని వాంతులు, లోపలికి వెళ్లని గట్టి ఉబ్బు — వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.